ఎర్రనీళ్ల జాడ

"ఏడూ ఐదు నుంచి ఏడూ ఇరవై దాకా ఎక్కడున్నావురా?"

"చెప్పాను కదక్కా. నీళ్లు పారబోయడానికి వెళ్లా."

"గ్లాసుడు నీళ్లు పారబోయడానికి పదిహేను నిమిషాలా?"

కౌస్తుభ్ చేతులకున్న బేడీల వైపు చూసుకున్నాడు. వాడి కుర్తా ఎవిడెన్స్ కింద పట్టుకెళ్లారు. రిసార్ట్ వాళ్లిచ్చిన చేప బొమ్మ స్వెట్‌షర్ట్ వేసుకుని ఆటల గదిలో పూల్ టేబుల్ పక్కన కూర్చున్నాడు. పెళ్లికూతురి తమ్ముడు. ఈపాటికి మండపం దగ్గర అందరి మీదా అరుస్తూ తిరగాల్సినవాడు.

నాకు ఒళ్లు మండిపోతోంది. వాడి మీద కాదు. నిన్న సాయంత్రం ఫ్లైట్ క్యాన్సిల్ చేసిన ఎయిర్‌లైన్ మీద, దారంతా కురిసి ఇక్కడ మాత్రం జాడే లేని విస్కాన్సిన్ వాన మీద, గొంతులో చుక్క కాఫీ పడని ఈ పొద్దు మీద. టెక్సాస్‌లోని ఇర్వింగ్ నుంచి ఇక్కడికి శుక్రవారమే రావాల్సిన దాన్ని. షికాగోలో చిక్కుకుపోయి, తెల్లవారుజామున రెంటల్ కారు తీసుకుని డ్రైవ్ చేసుకుంటూ వచ్చి తొమ్మిదింబావుకి దిగాను. సన్నాయి వినపడాల్సిన చోట రెండు షెరీఫ్ కార్లు, సరస్సు ఒడ్డున పడవలు కట్టే డాక్ మీద నీలం పట్టా కనిపించాయి.

పట్టా కింద నీరజ్ ఉన్నాడు. పెళ్లికొడుకు తేజేశ్వర్ మేనత్త కొడుకు. ఆరూ నలభైకి ఎదుర్కోలులో అందరితో ఫొటో దిగాడు. ఎనిమిదింబావుకి రిసార్ట్ మేనేజర్ డాక్ పక్కన నీళ్లలో శవాన్ని చూశాడు. తల వెనక పగిలింది.

కారు తలుపైనా వెయ్యకముందే స్పందన పరుగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకుంది. ఇర్వింగ్‌లో నాలుగేళ్లు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం మేమిద్దరం. దాని పెళ్లి చూడాలని నేను మొక్కని దేవుడు లేడు.

"ప్రసూ, పన్నెండింటికి వాణ్ణి కౌంటీ జైలుకి తీసుకెళ్తారట. వాడు చీమకి కూడా అపకారం చెయ్యడే! నీకు ఇలాంటివన్నీ తెలుసు కదా. ఎలాగైనా వాణ్ణి బయటికి తియ్యి."

అమ్మానాన్నా పోయినప్పుడు కౌస్తుభ్‌కి పదకొండేళ్లు. అప్పట్నుంచీ వాడికి అమ్మా నాన్నా అక్కా అన్నీ ఇదే. ఇప్పుడు జెర్సీ సిటీలో ఉద్యోగం, హెచ్-వన్ వీసా. మర్డర్ కేసులో అరెస్టయితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు వీసా పోతుంది, ఆ తర్వాత సంగతి ఆలోచించడానికే భయం వేసింది.

"నువ్వెళ్లి కూర్చో. నేనొచ్చాను కదా," అన్నాను. ఆ మాటలో ఎంత గర్వముందో నాకప్పుడు తెలియలేదు.

ఇన్వెస్టిగేట్ చేస్తున్న డిటెక్టివ్ పేరు లండ్‌గ్రెన్. నా లైసెన్స్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "టెక్సాస్ ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్, ఇన్సూరెన్స్ మోసాలు. మేడమ్, ఇక్కడ దీనికీ లైబ్రరీ కార్డుకీ తేడా లేదు," అన్నాడు. అయినా పది నిమిషాలిచ్చాడు. కుర్రాడి ఇంగ్లీషు కంగారుకి తడబడుతోంది, లాయర్ షికాగో నుంచి రావాలి.

ఆ పది నిమిషాల్లో మూడు అప్పుడే అయిపోయాయి.

"ఒరేయ్, వరసగా చెప్పు. నిన్న సంగీత్‌లో నీరజ్ కాలర్ పట్టుకున్నావట?"

"అక్క చెయ్యి వదల్లేదు వాడు. డాన్స్ అయిపోయింది, అక్క లాక్కుంటోంది, వాడు నవ్వుతూ వదలడం లేదు. నాకు తిక్క రేగింది. తోశాను. అంతే, అందరూ విడదీశారు."

"తర్వాత?"

"తర్వాత పడుకున్నా. పొద్దున ఎదుర్కోలు అయ్యాక శాంతి పిన్ని ఎర్రటి నీళ్లున్న ప్లేటు చేతికిచ్చి, మూడు దార్లు కలిసే చోట పారబొయ్యి, ఎవరూ తొక్కకూడదు అంది. ఇక్కడ మూడు దార్లు ఎక్కడున్నాయక్కా? ఫోన్లో ట్రెయిల్ మ్యాప్ తీసి వెతుక్కున్నా. సిగ్నల్ రాదు. డాక్ దగ్గర దొరికింది. అందుకే అంత టైమ్ పట్టింది."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. దిష్టి నీళ్లకి మ్యాప్ చూసుకున్నవాడు ప్రపంచంలో వీడొక్కడే అయ్యుంటాడు.

"ఇత్తడి పళ్లెం ఉండాలి కదా?"

"నేపర్‌విల్‌లో పిన్ని ఇంటి దగ్గరే మర్చిపోయారు. పేపర్ ప్లేట్ ఇచ్చారు. తడిసి దారంతా కారింది, నా కుర్తా మీద కూడా. ఆ చుక్కలే చూపించి ఆఫీసర్ నెత్తురంటున్నాడు. మా కాబిన్ మెట్ల నుంచి డాక్ దాకా ఉన్నాయట."

"పసుపు నీళ్లని చెప్పలేదా?"

"చెప్పాను! ఆయన కిచెన్‌లోకి వెళ్లి పసుపు డబ్బా తీసుకొచ్చి నా ముందు పెట్టాడు. ఇది యెల్లో కదా, అది రెడ్ కదా అన్నాడు. ఎందుకు ఎర్రగా ఉందో నాకు తెలీదక్కా. కుంకుమ కలుపుతారేమో అనుకున్నా. పద్మనాభం అంకుల్ కూడా తెలీదన్నారు."

నేను లేవబోతున్నదాన్ని ఆగిపోయాను.

"ఎవరు తెలీదన్నారు?"

"పెళ్లికొడుకు నాన్నగారు. పోలీసాయన కదా, ఆఫీసర్ ఆయన్నే అన్నీ అడుగుతున్నాడు. మీ పెళ్లిళ్లలో ఇలాంటి ఎర్రనీళ్లుంటాయా అని అడిగితే, నేనెప్పుడూ చూడలేదన్నారు."

వరంగల్లో డీఎస్పీగా రిటైరైన మనిషి. అరవై ఐదేళ్లొచ్చాయి. పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్లవుతాయని తెలుగింట్లో వంటమనిషిని లేపి అడిగినా చెబుతుంది. ఈయనకి తెలీదట!

శాంతి పిన్ని వంటగదిలో పులిహోర కలిపే బేసిన్ ముందు కూర్చుని ఏడుస్తోంది. స్పందనకి స్వయానా పిన్ని. పెళ్లి తన చేతుల మీదుగా నడిపిస్తున్నది ఆవిడే.

"పిన్నీ, ఎర్రనీళ్లు ఎలా కలిపావ్?"

"ఎలా కలపడమేమిటే? పసుపు, సున్నం. నేపర్‌విల్ షాపులో కిళ్లీ సున్నం ట్యూబ్ కొన్నా. పెళ్లివారు రాగానే దిష్టి తీశాను. పిల్లాడి చేతికిచ్చి పంపాను. ఆ మాటే ఆ పోలీసాయనకి చెప్పబోతే పద్మనాభం గారు, మీరు లోపలికెళ్లండమ్మా, నేను మాట్లాడతానన్నారు."

"దిష్టి తీసేటప్పుడు ఆయనెక్కడున్నారు?"

"కొడుకు పక్కనే. ఫొటోల్లో కూడా ఉంటారు, చూసుకో."

బుట్టలోంచి నిమ్మకాయలు నాలుగు తీసి కోటు జేబులో వేసుకున్నాను. కత్తి అడిగితే పిన్ని భయంగా చూసి, "నీకేమైనా పిచ్చా?" అంది. సగానికి కోయించుకుని బయటపడ్డాను.

లండ్‌గ్రెన్ నాలుగో నంబర్ కాబిన్ మెట్ల దగ్గర ఫోన్లో మాట్లాడుతున్నాడు. పక్కన పద్మనాభం గారు. నల్ల ఓవర్‌కోటు, మంకీ క్యాప్, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. సర్వీసులో ఉన్నప్పుడు కూడా ఇలాగే నిలబడేవారు కాబోలు. చుక్కల పక్కన పసుప్పచ్చ నంబరు కార్డులు పెట్టి ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు, అలా డాక్ దాకా.

"డిటెక్టివ్, ఇది నెత్తురని టెస్ట్ చేశారా?"

"చొక్కా లాబ్‌కి పంపాం. రెండు వారాలు. కౌంటీకున్న ఒక్క టెక్నీషియన్ శవంతో పాటు వెళ్లాడు. మీ పది నిమిషాలు అయిపోయినట్టున్నాయి."

"ఒక్క చుక్క. దాని మీద నిమ్మరసం పిండనివ్వండి."

లండ్‌గ్రెన్ నా మొహంలోకి చూశాడు. "ఎవిడెన్స్ మీద నిమ్మరసమా? మేడమ్, మీరు మీ కారెక్కి టెక్సాస్ వెళ్లండి."

"ఏమమ్మా, వాళ్ల పని వాళ్లను చెయ్యనియ్యి," అన్నారు పద్మనాభం గారు తెలుగులో, ఎంతో శాంతంగా. "ఇది కార్ ఇన్సూరెన్స్ కేసు కాదు. లాబ్ రిపోర్టు వస్తది, నెత్తురు కాదని తేలుతది, పిల్లగాడు బయటికొస్తడు. అంతదాకా నువ్వు గమ్మున ఉండు."

నెత్తురు కాదని తేలుతుందట. అంటే తెలుసన్నమాట! నా చెవులు వేడెక్కాయి.

"మీకు సిగ్గుగా లేదా అంకుల్? ఆ నీళ్లు మీ కొడుక్కే తిప్పారు. మీరు పక్కనే ఉన్నారు. తల్లీతండ్రీ లేని కుర్రాడు జైలుకి పోతుంటే, ఎప్పుడూ చూడలేదని ఎలా చెప్పారండీ? నోరెలా వచ్చింది మీకు?"

ఆయన మొహంలో ఏమీ మారలేదు. కానీ కళ్లు ఒక్క క్షణం డాక్ వైపు పోయి వెనక్కి వచ్చాయి.

నేను ఇంగ్లీషుకి మారాను. "డిటెక్టివ్, ఈయన మీకు అబద్ధం చెప్పారు. ఎదుర్కోలు ఫొటోలు ఫొటోగ్రాఫర్ దగ్గరున్నాయి. ఆరూ నలభైకి ఈయన ఎర్రనీళ్ల ప్లేటుకి అడుగు దూరంలో ఉన్నారు. చుక్కలు ఇరవై దాకా ఉన్నాయి. ఒక్కటి నాకివ్వండి. నేను తప్పయితే నన్ను కూడా ఆ కుర్రాడి పక్కనే కూర్చోబెట్టండి."

లండ్‌గ్రెన్ పద్మనాభం గారి వైపు చూశాడు. తర్వాత మూడో నంబర్ చుక్కని నాలుగు వైపుల నుంచీ ఫొటో తీసి, పక్కకి జరిగాడు.

నిమ్మచెక్క పిండాను. చెక్క మెట్టు మీద ఎర్రగా, గోధుమరంగులోకి తిరిగిన మరక అంచు నుంచి మొదలై మూడు సెకన్లలో పచ్చగా అయిపోయింది. అచ్చమైన పసుపు పచ్చ.

లండ్‌గ్రెన్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. వేలు దగ్గరగా పెట్టి, తాకకుండా ఆపాడు.

"నెత్తురు ఇలా అవుతుందా?" అడిగాను.

"అవదు," అన్నాడు. తర్వాత ఒక బూతు మాట అన్నాడు, తనని తానే తిట్టుకుంటున్నట్టు. ఏడో చుక్క తనే చూపించాడు. పచ్చబడింది. పన్నెండు. పచ్చబడింది. డాక్ దగ్గర మూడు దార్లు కలిసే చోట కౌస్తుభ్ ప్లేటు మొత్తం ఒంపిన మడుగు మీద పిండితే, నేల మీద పసుపు ముద్ద అలికినట్టు అయింది.

లండ్‌గ్రెన్ రేడియో తీశాడు. "కుర్రాడి బేడీలు తీసెయ్యండి. కాఫీ ఇవ్వండి." నా వైపు తిరిగాడు. "వెళ్లి మీ స్నేహితురాలికి చెప్పండి. పాపం, పొద్దుట్నుంచీ మా కారు చుట్టూ తిరుగుతోంది."

టైమ్ చూశాను. పదీ పది. ముహూర్తం పదకొండూ నలభై రెండు. ఇంకా బోలెడంత టైముంది. నా రక్తం ఉరకలేస్తోంది. జేబులో ఇంకా రెండు నిమ్మకాయలున్నాయి. మడుగు దాటాక కూడా నంబరు కార్డులు కనిపిస్తున్నాయి, మూడు, కుడివైపు దారిలో, చెట్ల వెనకాల ఉన్న బోట్‌హౌస్ వైపు.

"ఐదు నిమిషాల్లో వెళ్తాను. ముందు అవి చూద్దాం," అన్నాను.

"అవీ ఆ నీళ్లే అయ్యుంటాయి," అన్నాడు లండ్‌గ్రెన్.

"ప్లేటు ఇక్కడే ఖాళీ అయింది కదా. ఆ తర్వాత చుక్కలెలా పడతాయి?"

పద్మనాభం గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. గట్టిగానే పట్టుకున్నారు. "అమ్మా, పిల్లగాడు బయటపడ్డడు. నీకు కావాల్సింది అయింది. ఇక ఆపు."

విదిలించుకున్నాను. ఇందాక అబద్ధమాడిన మనిషి ఆపమంటే ఎవరాగుతారు?

ఆ మూడింట్లో మొదటి చుక్క మీద నిమ్మరసం పిండాను. పది సెకన్లు చూశాం. ఇరవై. అది ఎర్రగానే ఉంది.

"ఇది మా నీళ్లు కాదు," అన్నాను.

లండ్‌గ్రెన్ తుపాకీ మీద చెయ్యి వేసి బోట్‌హౌస్ తలుపు తోశాడు. లోపల గోడకి ఆనించి పడవలు, కొక్కేలకి లైఫ్ జాకెట్లు. ఎదురుగా సరస్సు వైపు తలుపు తెరిచే ఉంది. అక్కడ నీళ్లలో పడ్డది ఏదైనా డాక్ దగ్గరికి కొట్టుకుపోవడానికి ఎంతోసేపు పట్టదు. నేల చెక్కలు ఒక పక్క పొడిగా ఉన్నాయి, ఇంకో పక్క ఎవరో బకెట్లతో కడిగినట్టు తడి. మూలన తెడ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒకటి మాత్రం తలకిందులుగా ఉంది.

లండ్‌గ్రెన్ దాని దగ్గరికి వెళ్లాడు. కడిగిన చోటికి, గోడకి మధ్య పాత టార్పాలిన్ ఒకటి పరిచి ఉంది. దాని కింద ఏమీ లేనప్పుడు పరవడం దేనికి? వంగి అంచు పట్టుకుని ఎత్తాను.

పాదం గుర్తు. ఐదు వేళ్లు, మడమ, మధ్యలో వంపు. చిన్నది, నా పాదమంత ఉంటుంది. దాన్ని ఎవరో రాతితో గీకినట్టున్నారు, చెక్క పొరలు లేచాయి. అయినా పోలేదు. పచ్చగా ఉంది.

ముప్పై ఎనిమిది డిగ్రీల ఫారెన్‌హీట్, ఎముకలు కొరికే చలి. పొద్దుట్నుంచీ ఇక్కడ అందరి కాళ్లకీ బూట్లే చూశాను. పిన్ని కూడా రెండు జతల సాక్స్ వేసుకుంది. మంగళస్నానం చేసి, తడి పసుపు కాళ్లతో, చెప్పుల్లేకుండా తిరిగే ఆడది ఈ రిసార్ట్ మొత్తానికీ ఒక్కతే.

టార్పాలిన్ నా చేతిలోంచి జారి మళ్లీ ఆ గుర్తు మీద పడింది. పడిందో, వదిలేశానో, ఇప్పటికీ నాకు తెలియదు.

"చూసినవా?" అన్నారు పద్మనాభం గారు తలుపు దగ్గర నుంచి. గొంతు పెంచలేదు. లండ్‌గ్రెన్ తెడ్డుని ఫొటో తీస్తూ మా వైపు వీపు పెట్టి ఉన్నాడు. "ఏడున్నరకి నీరజ్ కోసం వెతుక్కుంటూ నేనే వచ్చిన. నెత్తురు కడిగిన. తుడిచిన గుడ్డ తీసుకపోతుంటే దారిల చుక్కలు పడ్డయ్, చూసుకోలే. పసుపు పోలేదు. చెక్కల్లోకి దిగింది."

"మీరు... దాని కోసం..."

"నీరజ్ నా చెల్లెలి కొడుకు. ఆడపిల్ల వద్దంటే వానికి వినపడదు. ఇంటి దగ్గర రెండు కంప్లయింట్లొచ్చినయ్. రెండూ నేనే మాఫీ చేయించిన. పదవిలో ఉన్న కదా. ఈ అమ్మాయి వానితో ఏం పడ్డదో, వాడు ఏమని పిలిస్తే తడి బట్టలతో వచ్చిందో నేనడగలేదు. అడిగే మొహం లేదు నాకు."

"మరి కౌస్తుభ్?"

"రెండు వారాలు. లాబ్ రిపోర్టు వచ్చేదాకా రెండు వారాలు లోపలుంటడు. నెత్తురు కాదని తేలి బయటికొస్తడు. అప్పటికి ఈ చెక్కలు నేను మార్పిస్తుంటి. మేనేజర్‌తో మాట్లాడిన కూడా. వాడు ఆడ ఉంటే ఇక్కడికి ఎవరూ రారు." ఆయన మంకీ క్యాప్ తీసి చేత్తో పట్టుకున్నారు. "పిల్లగాని ఉద్యోగం పోతదని తెలుసు. ఉద్యోగం మళ్లీ వస్తదమ్మా."

ముప్పై రెండేళ్లు పోలీసు పని చేసిన మనిషి వేసిన లెక్క. నేను నిమ్మకాయతో పాడుచేశాను. గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాను.

"ఏమంటున్నారు ఆయన?" లండ్‌గ్రెన్ తిరిగాడు. "ఆ పట్టా కింద ఏముంది?"

"ఏమీ లేదు," అన్నాను.

ఇరవై ఏళ్లలో పని మీద నేనాడిన మొదటి అబద్ధం అది. ఇంగ్లీషులో, తడుముకోకుండా వచ్చింది. లండ్‌గ్రెన్ నమ్మాడు కూడా. ఇందాకటి నుంచీ నా మాటలు నమ్మడం మొదలుపెట్టాడు మరి. నోట్‌బుక్ మూసి, "టెక్నీషియన్ తిరిగొచ్చేదాకా ఇది సీల్ చేద్దాం," అన్నాడు. నేను పద్మనాభం గారి వైపు చూశాను. ఆయన తల ఊపారు. రాత్రిలోపు ఏదో ఒకటి చెయ్యచ్చు అన్నట్టు.

అప్పుడు బయట దారిలో గజ్జెల చప్పుడు వినిపించింది.

స్పందన పరుగెత్తుకుంటూ వచ్చింది. నుదుటికి బాసికం, పట్టుచీర కుచ్చెళ్లు చేత్తో ఎత్తిపట్టుకుంది. వెనకాల ఎవరో పిలుస్తున్నారు, వినిపించుకోవడం లేదు. తెరిచి ఉన్న బోట్‌హౌస్ తలుపు చూసింది, లండ్‌గ్రెన్‌ని చూసింది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"స్పందనా, ఆగు! మాట్లాడకు! కౌస్తుభ్..." అని అరిచాను.

నా అరుపు దాని చెవికి ఎక్కలేదు. పొద్దుట్నుంచీ బహుశా ఆ మాటలే లోపల వల్లె వేసుకుంటోంది. ఇంగ్లీషులో, స్పష్టంగా, ఆఫీసు మీటింగులో చెప్పినట్టు చెప్పింది.

"మా తమ్ముడు ఏమీ చెయ్యలేదు. వాణ్ణి వదిలెయ్యండి. నీరజ్‌ని తెడ్డుతో కొట్టింది నేను. ఏడింటికి, ఇక్కడే. వాణ్ణి జైలుకి తీసుకెళ్లకండి, ప్లీజ్. నన్ను తీసుకెళ్లండి."

పద్మనాభం గారు మెల్లగా తలుపు కమ్మీ పట్టుకుని కిందికి జారి కూర్చున్నారు. లండ్‌గ్రెన్ చేతిలో రేడియో బరబరమంది. కుర్రాణ్ణి వదిలేశాం, కాఫీ తాగుతున్నాడు, అక్క ఎక్కడుందని అడుగుతున్నాడు అంటోంది అవతలి గొంతు. స్పందన ఆ మాటలు విని, అర్థం కానట్టు ముందు రేడియో వైపు, తర్వాత నా వైపు చూసింది.

లండ్‌గ్రెన్ కూడా నా వైపే చూశాడు.

"ఈమెకి మీరు చెప్పలేదా?" అన్నాడు.